మామునూరు ఆకాశం: కొన్ని ముందస్తు అభ్యంతరాలు

మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. నిజాం కాలంలో కట్టి, 1981లో మూతబడిన ఎయిర్‌పోర్టు అది. రేపు పెద్ద విమానాల వెనకే చిన్న విమానాల క్లబ్బులూ వస్తాయి. రెక్క పక్కన రెక్క పెట్టి ఎగిరే ఫార్మేషన్ విద్య మన పోరగాళ్లకు నేర్పుతామని ఎవరో ఒకరు బయల్దేరుతారు. అప్పుడు మొత్తుకుని లాభం లేదు కనుక, ఓరుగల్లు ప్రజల తరఫున అభ్యంతరాలు ఇప్పుడే దాఖలు చేస్తున్నాను.

అసలు దగ్గర దగ్గరగా నడపడం మనకొకరు నేర్పాలా? బీదర్ నుంచి వచ్చే వాయుసేన సూర్యకిరణ్ జట్టు 9 విమానాలతో ఎగిరితే దేశమంతా చప్పట్లు కొడుతుంది. కాజీపేట బ్రిడ్జి మీద ఎవరైనా కొట్టారా? పెట్రోల్ అయిపోయిన స్ప్లెండర్‌ను వెనక బండివాడు ఎడమకాలు చాపి, సైలెన్సర్ దగ్గరి ఫుట్‌రెస్టుకు ఆనించి, బ్రిడ్జి ఎక్కించి దించేస్తాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఉంటుంది. మాట తెగదు. విమానాల్లో ఒకదానికొకటి తగిలితే ప్రమాదమట. ఇక్కడ తగలకపోతే బండే కదలదు.

అమెరికా వాళ్ల నిబంధన ఇంకా విడ్డూరం. ఏ విమానం పైలట్ అయినా ముందుగా మాట్లాడుకోకుండా ఫార్మేషన్‌లో చేరకూడదు. కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుని ఇలా జట్టుగా అసలే ఎగరకూడదు. ఇది నేరుగా మన షేర్ ఆటోల పొట్ట కొట్టడమే. కిరాయి లేకపోతే ముగ్గురు ఆటోవాళ్లు పక్కపక్కన ఎందుకు ఉరుకుతారు?

అసలు గొడవ లీడర్ దగ్గర వస్తుంది. ఎగరకముందే నేల మీద అందరినీ నిలబెట్టి రెండో నంబర్ ఎవరు, మూడో నంబర్ ఎవరు, ఎవరు ఏ పక్కన ఉండాలో తేల్చాలి. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలో తేలక రాత్రంతా ప్రింటింగ్ షాపులో కూర్చునే ఊళ్లో, ఈ లెక్క తేలేసరికి పొద్దుగూకుతుంది. పైగా పక్కవాళ్ల చూపంతా లీడర్ విమానం మీదే ఉంటుంది కనుక, లీడర్ మలుపు తిరిగే ముందు సిగ్నల్ ఇవ్వాలట, మెల్లగా తిరగాలట. చూపు లీడర్ మీద పెట్టడం మనకు కష్టం కాదు. కానీ ఈ సిగ్నల్ అలవాటు కిందికి దిగిందంటే, కండువా మార్చే ముందు కార్యకర్తలకు చెప్పాల్సి వస్తుంది. లీడర్ కనబడకుండా పోతే ఆ మాట వెంటనే రేడియోలో చెప్పి పక్కకు తప్పుకోవాలని ఇంకో రూలు. అయిదేళ్లుగా కనబడని నాయకుడి వెనకే క్రమశిక్షణగా నడుస్తున్న మనకు ఇది అవమానం.

అన్నింటికంటే ప్రమాదకరమైనది ‘నాక్ ఇట్ ఆఫ్’. తేడా కనిపిస్తే చిట్టచివరి పైలట్ కూడా రేడియోలో ఆ మాట అనవచ్చు. అంటే విన్యాసం ఆపాల్సిందే, లీడర్ అయినా సరే. దిగాక డీబ్రీఫింగ్‌లో హోదా పక్కనపెట్టి ఎవరి తప్పు వాళ్ల మొహం మీదే చెప్పుకోవాలట.

కావున సవరణలు కోరుతున్నాం. ‘నాక్ ఇట్ ఆఫ్’ అనే హక్కు లీడర్‌కు మాత్రమే ఉండాలి, అదీ ఇతరుల మీద వాడటానికి. డీబ్రీఫింగ్ టైంలో శాలువాలు కప్పాలి. నాలుగో నంబర్ ఎక్కడ గాడి తప్పాడన్నది లీడర్ కారెక్కి వెళ్లాక, నాలుగో నంబర్ లేనప్పుడు మాట్లాడుకుంటాం.