ఆయాసం తగ్గితే గుండె రంధ్రం నయమైనట్టు కాదు

గుండె కింది గదుల మధ్య పెద్ద రంధ్రంతో పుట్టిన బిడ్డకు తొలి నెలల్లోనే ఇబ్బంది మొదలవుతుంది. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతుంది, నుదుటి మీద చెమట పడుతుంది, బరువు పెరగదు, మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. కొన్నాళ్లకు ఇవన్నీ తగ్గితే ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా తగ్గుతుంది. చిన్న రంధ్రాలు వాటంతటవే మూసుకుపోయే మాట నిజమే. కానీ పెద్ద రంధ్రం విషయంలో ఆ మెరుగుదల జబ్బు ముదిరిందనడానికి గుర్తు కావచ్చు. తల్లిదండ్రులకు అన్నిటికంటే ముందు చెప్పాల్సిన సంగతి ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకంటే, ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి రక్తం రంధ్రంలోంచి కుడివైపుకు దూకి, మళ్లీ ఊపిరితిత్తులకే పోతుంది. తక్కువ ఒత్తిడికి అలవాటైన అక్కడి రక్తనాళాలు ఆ తాకిడికి గోడలు మందమై ఇరుకైపోతాయి. దాంతో అక్కడ ఒత్తిడి పెరిగిపోతుంది, అదే పల్మనరీ హైపర్‌టెన్షన్. నాళాలు ఇరుకైన కొద్దీ అదనపు రక్తం రావడం తగ్గుతుంది, దాంతో ఆయాసమూ తగ్గుతుంది. స్టెతస్కోపుకు వినిపించే శబ్దం కూడా సన్నగిల్లుతుంది. చివరికి రక్తం ఎదురు తిరిగి కుడినుంచి ఎడమకు ప్రవహిస్తే పెదాలు, గోళ్లు నీలంగా మారతాయి. 1897లో విక్టర్ ఐజెన్‌మెంగర్ అనే వైద్యుడు వర్ణించిన 32 ఏళ్ల రోగి పరిస్థితి ఇదే. ఆ దశలో రంధ్రం మూస్తే ప్రమాదం. ఎందుకంటే, కుడి గదికి ఒత్తిడి దించుకునే దారి అదొక్కటే.

పుట్టినప్పటి పరీక్షను మాత్రమే నమ్ముకోకూడదు. అప్పటికి ఊపిరితిత్తుల నాళాల్లో రక్త ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు, అంటే నిరోధం, ఇంకా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి రంధ్రం ఉన్నా శబ్దం వినపడకపోవచ్చు, ఆక్సిజన్ మామూలుగానే చూపించవచ్చు. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి, అనుమానం ఉంటే ఎకో (గుండె స్కాన్) తీయాలి. పెద్ద రంధ్రాన్ని సాధారణంగా ఏడాది లోపే మూయాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నాళాలు ఇంకా త్వరగా దెబ్బతింటాయి, వాళ్ల విషయంలో వాయిదా అసలు పనికిరాదు. పైగదుల మధ్య రంధ్రం తీరు వేరు, అది చాలామందిలో పెద్దయ్యాకే బయటపడుతుంది.

ఆలస్యంగా వచ్చినవాళ్లకు రక్తనాళం ద్వారా గుండెలోకి సన్నటి గొట్టం పంపే క్యాథెటర్ పరీక్ష చేసి ఒత్తిడిని, నిరోధాన్ని నేరుగా కొలవాలి. పెద్దవాళ్లలో నిరోధం 3 వుడ్ యూనిట్లలోపు (ఈ నిరోధాన్ని కొలిచే ప్రమాణం) ఉంటే మూయవచ్చు. 5 దాటితే మందులతో తగ్గించి చూడాలే తప్ప తొందరపడి మూయకూడదు. ఆ మధ్యలో ఉన్నవాళ్ల విషయమే కష్టం, అనుభవమున్న బృందం తేల్చాల్సిందే. బోసెంటాన్, సిల్డెనాఫిల్ వంటి మందులు నడక శక్తిని పెంచుతాయి, అది చిన్న మేలేమీ కాదు. అయినా బాగా పాడైన నాళాలను అవి తిరిగి మామూలు చేయలేవు. ఈ దశకు చేరిన స్త్రీకి గర్భం ప్రాణాంతకం, ఆ మాట ఆమెకు ముందే, సూటిగా చెప్పాలి.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. పీడీఏ, అంటే పుట్టాక మూసుకుపోవాల్సిన బృహద్ధమని-ఊపిరితిత్తుల ధమని మధ్య నాళం తెరిచే ఉండిపోయినవాళ్లలో, రక్తం ఎదురు తిరిగితే కాలి వేళ్లు నీలంగా ఉన్నా కుడిచేతి వేళ్లు మామూలు రంగులోనే ఉంటాయి. ఆక్సిజన్ కొలిచే క్లిప్‌ను చేతి వేలికి మాత్రమే పెట్టి చూస్తే ఇది దొరకదు, కాలికీ పెట్టి చూడాలి.