కడ్డీని తాకితే సరిపోదు

తైవాన్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లో జియుఫెన్ అనే పాత బంగారు గనుల ఊరి ఫొటో ఉండి తీరుతుంది. కొండవాలు మీద రాతి మెట్లు, ఎర్ర లాంతర్లు, చేమదుంప ఉండల దుకాణాలు. సెలవు రోజైతే కాలు పెట్టే సందుండదు. ఆ కొండ లోపలంతా సొరంగాలేనన్న సంగతి ఆ జనంలో ఎందరికి పట్టిందో మాకు అనుమానమే.

1890లో రైలు వంతెన కడుతున్న కూలీలకు కీలుంగ్ నదిలో బంగారు రేణువులు కనబడ్డాయి. వాటి జాడ పట్టుకుని పైకెక్కితే జియుఫెన్, జింగ్వాషి కొండలు దొరికాయి. 1895లో దీవిని చేజిక్కించుకున్న జపాన్, మరుసటి ఏడాదే గనులను రెండు ముక్కలు చేసి తన కంపెనీలకు పంచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, కామన్వెల్త్ ఖైదీలను జింగ్వాషి రాగి గనిలోకి దింపి వెట్టి చేయించింది. జియుఫెన్ గని 1971లో, జింగ్వాషి 1987లో మూతపడ్డాయి. పాడుబడిపోతున్న జియుఫెన్‌లో తీసిన ఒక సినిమా 1989లో వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి స్వర్ణ సింహం గెలిచింది. ఇక జనమే జనం. ఎవరో ప్లాన్ వేసి తెచ్చిన టూరిజం కాదు, అలా కలిసొచ్చింది.

పొరుగున జింగ్వాషిలో కాస్త ఆలోచించి చేశారు. 2004లో స్వర్ణ మ్యూజియం తెరిచారు. గాజు పెట్టెకున్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి 220 కిలోల బంగారు కడ్డీని తాకొచ్చు. హెల్మెట్ పెట్టుకుని పాత సొరంగంలోకీ వెళ్లొచ్చు. ఖైదీల శిబిరం ఉన్నచోట స్మారకం ఉంది. కిందికొస్తే పసుపు రాళ్ల మీద దూకే జలపాతం. అందరూ ఆగి సెల్ఫీ దిగుతారు. ఖనిజాల మీదుగా వచ్చే ఆ నీళ్లు మాత్రం నోట్లో పోసుకునేవి కావు.

ఈ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ హోదాకు తగినదిగా తైవాన్ తన జాబితాలో పెట్టుకుంది. కానీ ఆ హోదా ఇచ్చే ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కోలో తైవాన్‌కు సభ్యత్వమే లేదు. జియుఫెన్ గని మూతపడిన 1971లోనే ఐక్యరాజ్యసమితిలో అప్పటిదాకా తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉన్న చైనా స్థానం బీజింగ్‌కు వెళ్లిపోయింది. బయటి నుంచి ఎవరో వచ్చి ముద్ర వేస్తారని కూర్చుంటే పని జరగదు.

1971లో ఇరవయ్యేళ్ల గని కార్మికుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై ఎందరో ముందే పోయారు. మిగిలినవాళ్ల మాటలు రికార్డు చేసే పని మ్యూజియం నడిపే న్యూ తైపే నగర పాలన వేగం పెంచి చేయాలి. వాటిని మ్యూజియం గదుల్లో దాచకుండా, జనం నిజంగా తిరిగే జియుఫెన్ మెట్ల పక్కనే వినిపించాలి. ఖర్చంటారా? అక్కడి వ్యాపారం అంతా ఆ గనుల ఊరి పేరు మీదే నడుస్తోంది. అందులోంచి కొంత తీయడం న్యాయం.