ఎస్‌ఎంపీఎస్‌లో లేని కనెక్టర్‌ని అడాప్టర్‌తో తెచ్చుకోవచ్చా?

కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్న చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇది. కార్డు అంచున 8 పిన్నుల పవర్ సాకెట్ ఉంటుంది. కేబినెట్ తెరిచి చూస్తే పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే వైర్లలో దానికి సరిపోయేది ఒక్కటీ కనిపించదు. హార్డ్ డిస్కులకి పెట్టే సాటా కనెక్టర్లు, పాతకాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్లు మాత్రం ఖాళీగా వేలాడుతుంటాయి. వాటిని 8 పిన్నులుగా మార్చే అడాప్టర్ కేబుల్ సులువుగానే దొరుకుతుంది. పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, మానిటర్ మీద బొమ్మ వస్తుంది. హమ్మయ్య, పనైపోయింది అనుకుంటాం.

అలా ఆన్ అవడం పెద్ద విశేషమేమీ కాదు. అడాప్టర్ అంటే నాలుగైదు వైర్లు, వాటి చివర ప్లాస్టిక్ కనెక్టర్లు, అంతే. దారి దొరికితే కరెంటు ఎలాగూ పారుతుంది. నాలుగు గంటలు ఏకబిగిన గేమ్ ఆడాక ఆ కనెక్టర్ ఎంత వేడెక్కిందో చూడాలి. ఎస్‌ఎంపీఎస్‌కి ఆ కనెక్టర్ లేదంటే తయారుచేసినవాళ్లు మరిచిపోయారని కాదు. అంత కరెంటు ఇవ్వడానికి దాన్ని తయారు చేయలేదని చాలాసార్లు దాని అర్థం. అడాప్టర్ పెట్టగానే ఆ హెచ్చరిక మన కంటికీ కనపడదు, కార్డుకీ తెలియదు.

కార్డుకి తెలియదు అన్నది మాటవరసకి అన్నది కాదు, వైరింగ్‌లోనే ఉంది. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డు తీసుకోగలిగేది 75 వాట్లు. 6 పిన్నుల కనెక్టర్ ఇంకో 75 వాట్లు ఇస్తుంది, 8 పిన్నులది 150. రెండు పిన్నులు పెరిగితే వాట్లు రెట్టింపు ఎలా అయ్యాయని ఎవరికైనా అనుమానం రావాలి. 8 పిన్నుల దాంట్లో కూడా 12 వోల్టులు మోసేవి మూడే. అదనంగా వచ్చిన రెండిట్లో ఒకటి గ్రౌండ్, రెండోది సెన్స్ పిన్. ఆ సెన్స్ పిన్ గ్రౌండ్‌కి కలిసి ఉందో లేదో కార్డు చూసుకుంటుంది. కలిసి ఉంటే అవతల 150 వాట్లు ఇవ్వగల ఎస్‌ఎంపీఎస్ ఉందని నమ్ముతుంది. 6 నుంచి 8కి మార్చే అడాప్టర్ చేసే పని ఆ రెండు పిన్నుల్నీ గ్రౌండ్‌కి కలపడమే. కొత్తగా ఒక్క వాటు కూడా రాదు, ఎస్‌ఎంపీఎస్ తరఫున అడాప్టర్ హామీ ఇచ్చేస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే ఆ హామీ నిలబడుతుంది, ఎందుకంటే మూడు వైర్లూ దిట్టమైనవే ఉంటాయి, లోపల సామర్థ్యమూ ఉంటుంది. నాసిరకం 6 పిన్నుల కేబుళ్లలో 12 వోల్టుల వైర్లు రెండే ఉండేవీ ఉన్నాయి. అక్కడ మూడు వైర్ల బరువు రెండిటి మీద పడుతుంది.

వీటన్నిటిలో నేను అస్సలు ఒప్పుకోలేనిది సాటా నుంచి 8 పిన్నులకి మార్చే కేబుల్. లెక్క వేసి చూడండి. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు ఉంటాయి, అందులో 12 వోల్టులవి మూడు. ఒక్కో పిన్ను మోయగలిగేది ఒకటిన్నర ఆంపియర్. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 8 పిన్నుల సాకెట్ అడిగేది 150 వాట్లు, అంటే పన్నెండున్నర ఆంపియర్లు. ఒకే సాటా నుంచి తీస్తే ఒక్కో పిన్ను మీద దాని శక్తికి దాదాపు మూడింతల కరెంటు పడుతుంది. రెండు సాటా కనెక్టర్లు కలిపి 8 పిన్నులు చేసే రకంలోనూ ఒక్కో దాని వాటా ఆరుంపావు ఆంపియర్లు, అదీ పరిమితి దాటినట్టే. పైగా ఆ రెండూ సాధారణంగా ఒకే కేబుల్ మీద వరసగా ఉంటాయి కాబట్టి, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆ ఒక్క పసుపు వైరే మొత్తం మోయాలి. ఒకే ప్లగ్ పాయింట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి ఇస్త్రీపెట్టె, హీటర్ రెండూ తగిలించడం లాంటిదే ఇది. సాటా నుంచి 6 పిన్నులకి మార్చేది కూడా, ఒకే సాటా అయితే, 54 వాట్లున్న చోట 75 వాట్లకి హామీ ఇస్తోంది. క్రిప్టో మైనింగ్ జోరు మీదున్న రోజుల్లో రైజర్ కార్డులతో (గ్రాఫిక్స్ కార్డుని మదర్‌బోర్డుకి దూరంగా పెట్టి కలిపే చిన్న బోర్డులతో) పాటు ఇలాంటి సాటా కేబుళ్లు ఇచ్చేవారు. అవి కరిగిపోవడం మైనింగ్ చేసేవాళ్లకి బాగా తెలిసిన విషయం.

కరెంటు పరిమితి దాటితే ఆపేసే ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్ ఉంది కదా, ఏదైనా తేడా వస్తే ఎస్‌ఎంపీఎస్ ఆగిపోతుంది కదా అని కొందరంటారు. ఆ భరోసా ఇక్కడ పనిచేయదు. ఇప్పటి యూనిట్లలో 12 వోల్టుల లైను చాలావరకు ఒకటే ఉంటుంది, అది 40, 50 ఆంపియర్ల దాకా ఇస్తుంది. రక్షణ పనిచేసేది ఆ మొత్తం దాటితేనే. సాటా కనెక్టర్‌లో 12 ఆంపియర్లు పారి ప్లాస్టిక్ మెత్తబడుతున్నా, లోపలి సర్క్యూట్ దృష్టిలో అది మామూలు లోడే. షార్ట్ సర్క్యూట్ అయ్యాక గానీ దానికి తెలియదు, అప్పటికే కాలాల్సింది కాలిపోతుంది.

అడాప్టర్ ఏ రకమో చేత్తో పట్టుకుని చూస్తే కొంత తెలుస్తుంది. సాటా కనెక్టర్ వెనకవైపు తిప్పండి. వైర్లన్నీ నున్నటి ప్లాస్టిక్ ముద్దలోకి వెళ్లి కనపడకుండా పోతే అది అచ్చు పోసిన రకం. లోపల వైర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో, పోత పోసేటప్పుడు పక్కకి జరిగాయో బయటికి తెలియదు. వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడితే 12 వోల్టుల వైరూ గ్రౌండూ కలుసుకునే ప్రమాదం ఉంది. ఒక్కో వైరూ ఒక్కో గాడిలో కూర్చుని, పైన మూత విడిగా కనపడితే అది క్రింప్ చేసిన రకం, అంటే వైరుని లోహపు పిన్నుతో నొక్కి బిగించినది. హార్డ్ డిస్క్ కోసమైనా రెండోదే ఎంచుకోవాలి. వైరు మీద అచ్చు వేసిన గేజ్ నంబరు కూడా చూడండి. 18 గేజ్ అంటే పర్వాలేదు, 16 అంటే ఇంకా దళసరి, 20, 22 అంటే సన్నం. నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. నంబరే లేని కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డుకి వాడకపోవడం మేలు.

మోలెక్స్ సంగతి మధ్యస్తం. దాని పిన్ను సాటా పిన్ను కంటే చాలా దిట్టం. రెండు మోలెక్స్‌ల నుంచి ఒక 6 పిన్ను తయారుచేసే కేబుళ్లు ఒకప్పుడు కార్డుల డబ్బాల్లోనే వచ్చేవి. 75 వాట్లంటే ఆరుంపావు ఆంపియర్లే కాబట్టి, రెండు మోలెక్స్‌లనీ ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వేర్వేరు కేబుళ్ల నుంచి తీసుకుంటే ఇది నడుస్తుంది. దీంట్లో గొడవ లూజ్ కాంటాక్ట్‌తోనే. మోలెక్స్ పిన్నులు కనెక్టర్‌లో అటూ ఇటూ ఊగుతుంటాయి, పెట్టేటప్పుడు ఒక్కోసారి వెనక్కి జారిపోతాయి. ఎన్నోసార్లు పెట్టి తీసిన పాత మోలెక్స్‌లో ఆడ పిన్ను నోరు విచ్చుకుని ఉంటుంది.

పిన్ను వదులైతే ఏమవుతుందో కూడా లెక్కే చెబుతుంది. పిన్ను కలిసే చోట పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అక్కడ 5 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 4 ఆంపియర్లు పారితే పుట్టే వేడి 0.08 వాటు, చేతికి కూడా తెలియదు. అదే చోట 12 ఆంపియర్లు పారితే 0.72 వాటు, అంటే తొమ్మిది రెట్లు, అదీ ఒక చిన్న పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లో. వేడికి లోహం స్ప్రింగ్ బిగి తగ్గుతుంది, పట్టు సడలుతుంది, నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. అందుకే మొదటి వారం బాగా నడిచిన అడాప్టర్ నెలల తర్వాత కరిగిపోవచ్చు. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనే ధైర్యం ఇక్కడ చెల్లదు.

అడాప్టర్లన్నీ నాసిరకం కంపెనీలవే, డబ్బాలో వచ్చినది అయితే నిశ్చింత అనుకోవడానికి కూడా వీల్లేదని గత కొన్నేళ్లలో తేలింది. 2022 అక్టోబరులో ఎన్విడియా 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుని, నాలుగు 8 పిన్నుల కనెక్టర్లని ఒక 16 పిన్నుల కనెక్టర్‌గా కలిపే అడాప్టర్‌తో పాటు విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే కనెక్టర్లు కరిగిన ఫొటోలు బయటికొచ్చాయి. తమ దృష్టికి వచ్చినవి దాదాపు 50 కేసులని, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం వాటిలో తరచూ కనిపించిన విషయమని ఎన్విడియా ఆ నవంబరులో చెప్పింది. తర్వాత 2024 ఫిబ్రవరిలో, కేబుల్‌మాడ్ కంపెనీ ఇదే కనెక్టర్ కోసం తయారుచేసిన వంపు అడాప్టర్లని దాదాపు 25,300 వెనక్కి తీసుకుంటున్నట్టు అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ ప్రకటించింది. అవి వదులై, వేడెక్కి, కరిగాయని 272 ఫిర్యాదులు వచ్చాయి.

వాడేవాళ్లు సరిగా పెట్టలేదన్న వివరణలో నిజం ఉండొచ్చు, కానీ దాంతో విషయం తేలిపోదు. పాత 8 పిన్నుల కనెక్టర్‌కి రాసిచ్చిన పరిమితి 150 వాట్లు, మంచి పిన్నులతో చేసినదైతే దానికి రెట్టింపుకి దగ్గరగా మోయగలదు. కొంచెం వదులుగా పెట్టినా, ఒక పిన్ను బలహీనంగా ఉన్నా ఆ మిగులు కాపాడుతుంది. 16 పిన్నుల దాంట్లో 600 వాట్లు మోసేవి 12 వోల్టుల పిన్నులు ఆరే. ఒక్కో దాని మీద 8.3 ఆంపియర్లు పడతాయి, పిన్ను రేటింగేమో 9 ఆంపియర్ల పైచిలుకు. మిగులు పది శాతానికి అటూ ఇటూ మాత్రమే. ఇంత ఇరుకుగా డిజైన్ చేసి, తేడా వస్తే తప్పు మీదే అనడం న్యాయం కాదు. 2023లో ఈ కనెక్టర్‌ని సవరించి సెన్స్ పిన్నుల్ని పొట్టి చేశారు, పవర్ పిన్నుల్ని కొంచెం పొడుగు చేశారు. పూర్తిగా దిగకపోతే కార్డుకి సంకేతమే అందదు. అంటే పెట్టేవాళ్ల పొరపాటుని డిజైన్ ముందే పట్టుకోవాలని సవరణే ఒప్పుకున్నట్టయింది. అయినా 2025లో 575 వాట్ల ఆర్‌టీఎక్స్ 5090 వచ్చాక కరిగిన కనెక్టర్ల ఫొటోలు మళ్లీ కనిపించాయి.

ఈ అనుభవం చూశాక కంపెనీ అడాప్టర్ విషయంలోనూ రెండు జాగ్రత్తలు తప్పవు. క్లిక్ అనే వరకు నొక్కి, ఆ తర్వాత కనెక్టర్‌కీ సాకెట్‌కీ మధ్య సందు లేదని లైటు వేసి చూడాలి. కేబినెట్ తలుపు వైర్లని నెట్టకుండా, కనెక్టర్ మొదట్లోనే వంపు తిప్పకుండా చూడాలి. అడాప్టర్‌కి పెట్టే 8 పిన్నుల కేబుళ్లు కూడా ఎస్‌ఎంపీఎస్ నుంచి విడివిడిగా రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్న దాన్ని చిన్న కార్డులకి వాడుకోవచ్చు గానీ 300 వాట్లు దాటిన కార్డులకి వద్దు.

కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవాలి. పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉన్నా, 12 వోల్టుల గడిలో 25 ఆంపియర్లే రాసి ఉంటే గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి దక్కేది 300 వాట్లే. పాత యూనిట్లలో మిగతాది 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లకి పోతుంది, అది కార్డుకి పనికిరాదు. ఇంకొకటి, ఈ కార్డులు క్షణకాలం తమ రేటింగ్ మించి కరెంటు లాగుతాయి. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడుని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని అడుగుతోంది. అంతకు ముందరి చిన్న యూనిట్లు గేమ్ మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతే అడాప్టర్ మార్చి లాభం లేదు.

పొరపాటున కూడా చేయకూడనివి రెండున్నాయి. ప్రాసెసర్‌కి పెట్టే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ దాంట్లో 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరసలు తారుమారు. దాన్ని బలవంతంగా కార్డులో దూరిస్తే నేరుగా షార్టే. అలాగే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) కేబుల్ ఒక కంపెనీది ఇంకో కంపెనీ యూనిట్‌కి పెట్టకూడదు. కనెక్టర్ ఆకారం సరిపోయినా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల క్రమం ఎవరికి వారిదే. ఒక్కోసారి ఒకే కంపెనీ రెండు మోడళ్లకీ కుదరదు.

ఎస్‌ఎంపీఎస్ మార్చే వీలు లేనివాళ్లకి, ముఖ్యంగా సొంత కొలతల ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చే బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్లున్నవాళ్లకి, అడాప్టర్ కంటే కార్డు ఎంపికలోనే దారి ఉంది. విడి పవర్ కనెక్టర్ అక్కర్లేకుండా స్లాట్ ఇచ్చే 75 వాట్లలోపే నడిచే కార్డులు ఉన్నాయి. జీటీఎక్స్ 1650లో కొన్ని మోడళ్లు, ఆర్‌ఎక్స్ 6400, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ ఆ కోవలోవే. అంతకంటే పెద్ద కార్డు కావాలంటే ముందు ఎస్‌ఎంపీఎస్ కొనండి. డబ్బు రెండిటికీ చాలకపోతే కార్డు ఒక మెట్టు తగ్గించుకోండి.