సాయం అడిగితే లైసెన్సు పోతుందా?

"ఏటీసీని (నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్లను) సాయం అడిగావో, లైసెన్సు పోయినట్టే. ఎలాగోలా నువ్వే నెట్టుకురా." అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్లలో, అక్కడ శిక్షణకు వెళ్లిన మన పిల్లల్లో కూడా ఈ సలహా తిరుగుతోంది. ఇది నమ్మినవాళ్ల ప్రాణాలు తీసే సలహా.

లైసెన్సు సంగతే ముందు చూద్దాం. అమెరికా విమానయాన నిబంధన 91.3 ప్రకారం, అత్యవసర పరిస్థితిలో ఎంత అవసరమో అంత మేరకు పైలట్ నిబంధనలను దాటొచ్చు. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అడిగితేనే రాతపూర్వక నివేదిక ఇవ్వాలి. నిర్లక్ష్యం వల్ల ఇబ్బందిలో పడితే విచారణ రావచ్చు, నిజమే. కానీ దానికి కారణం ఆ నిర్లక్ష్యం, సాయం అడగడం కాదు. అనుకోకుండా నిబంధన తప్పినవాళ్లు 10 రోజుల్లోగా నాసా నడిపే భద్రతా నివేదికల వ్యవస్థకు రాస్తే, ప్రమాదాలూ నేరాలూ కాని చాలా సందర్భాల్లో శిక్ష నుంచి మినహాయింపు కూడా ఉంది.

"రాడార్ ముందు కూర్చున్నవాళ్లు ఏం చేయగలరు?" అనేది రెండో వాదన. మేఘాల్లో చిక్కుకుని దిక్సూచి పరికరం పనిచేయకపోతే, "కుడికి తిరుగు... ఇక ఆపు" అని చెబుతూ బయటికి తేగలరు. 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగంలో, బయటి దృశ్యం కనపడని 20 మంది సగటున 178 సెకన్లలో విమానంపై అదుపు కోల్పోయారు. అలాంటప్పుడు ఒక గొంతు తోడుండటం చిన్న విషయం కాదు. 2022 మేలో పైలట్ స్పృహ తప్పితే, విమానం నడపడం తెలియని ప్రయాణికుడు కంట్రోలర్ మాటల సాయంతోనే ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో సురక్షితంగా దిగాడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, "టవర్ (విమానాశ్రయంలోని కంట్రోలర్లు) చెప్పింది చెప్పినట్టు చేసుకుపోతే చాలు" అనే మాట. 2016 జూన్ 9న హ్యూస్టన్ హాబీ విమానాశ్రయంలో జరిగింది చూడండి. పెద్ద జెట్ల మధ్య ఒక చిన్న సిర్రస్ విమానం. మొదటిసారి వెనక వస్తున్న జెట్ వల్ల టవరే మళ్లీ లేవమంది, ఆ తర్వాత ఎత్తు ఎక్కువై మళ్లీ మళ్లీ లేవాల్సి వచ్చింది. రన్‌వే మారింది, సూచనలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. పైలట్ ప్రతిదానికీ సరే అంటూనే ఉన్నారు. చివరికి తగినంత వేగం రాకముందే ఫ్లాప్స్ (తక్కువ వేగంలో విమానాన్ని గాల్లో నిలిపే రెక్కల భాగాలు) ఎత్తడంతో విమానం స్టాలై, అంటే రెక్కలకు ఎత్తే బలం పోయి, కూలింది. ముగ్గురూ చనిపోయారు. పైలట్ పొరపాటుతో పాటు, ఆ కీలక క్షణంలో కంట్రోలర్ ఇచ్చిన చిక్కు సూచనను కూడా ప్రమాదాలను విచారించే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ తప్పుపట్టింది. అంటే పైలట్‌కు భారం ఎక్కువైందని టవర్‌కు దానంతటదే తెలియదు. "అనేబుల్" (నా వల్ల కాదు) అన్న ఒక్క మాట చెప్పే హక్కు పైలట్‌కు ఎప్పుడూ ఉంది.

"పరిస్థితి చెబితే వాళ్లే అర్థం చేసుకుంటారు" అనుకోవడమూ ప్రమాదమే. 1990లో న్యూయార్క్ దగ్గర అవియాంకా 52 అనే విమానం సిబ్బంది ఇంధనం అయిపోతోందని చెప్పారు గానీ, "ఎమర్జెన్సీ" అనలేదు. 73 మంది పోయారు.

చేతిలో విమానం స్థిరంగా ఉందో లేదో చూసుకోండి, ఆ వెంటనే నోరు విప్పండి. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే చెప్పొచ్చు. ఎవరూ అందకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 ఉంది, రాడార్‌కు విమానం గుర్తింపు పంపే ట్రాన్స్‌పాండర్‌లో 7700 అనే అత్యవసర కోడ్ ఉంది. శిక్షణలో ఉన్నవాళ్లు మొదటి పిలుపులోనే "స్టూడెంట్ పైలట్" అని చేర్చండి. అలా చెబితే కంట్రోలర్లు అదనపు సాయం అందిస్తారని ఎఫ్ఏఏ తన మార్గదర్శకంలోనే రాసింది.