అందరినీ చెప్పమని, తాను చెప్పకపోతే ఎలా?

కావలిలోనో కందుకూరులోనో ఒక మహిళ మెడలో గొలుసు తీసి తాకట్టు పెట్టిందనుకుందాం. ఆ బంగారం నాణ్యతను ఆమె ఎదుటే పరీక్షించాలి. షరతులు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రాకపోతే సాక్షిని పెట్టి మరీ వివరించాలి. 2025 జూన్‌లో ఈ నిబంధనలు తెచ్చింది రిజర్వు బ్యాంకే. సాగు ఖర్చుకు ఇంట్లో బంగారమే దిక్కైన మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇవి ఎంత అవసరమో మాకు తెలుసు. వాటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

మరి అదే రిజర్వు బ్యాంకు కేంద్ర ప్రభుత్వ అప్పుపత్రాలను (బాండ్లను) వేల కోట్లు పెట్టి కొనేటప్పుడు పాటించే పద్ధతేమిటి?

ఒక్కోసారి వేలం ప్రకటించి కొంటుంది. 2025 డిసెంబరులో మొదట లక్ష కోట్లు, తర్వాత మరో 2 లక్షల కోట్ల కొనుగోళ్లను తేదీలతో సహా ముందే చెప్పింది. అది సరైన పద్ధతి. కానీ ఇంకో దారి కూడా ఉంది. కొనేదెవరో అమ్మేవాడికి కనిపించని ఎలక్ట్రానిక్ తెర మీద, ఏ ప్రకటనా లేకుండా కొనవచ్చు. అలా కొన్న సంగతి ఆ తర్వాతెప్పుడో, శుక్రవారం వెలువడే వారపు గణాంకాల పట్టికలో ఒక అంకెగా కనిపిస్తుంది. మొత్తం ఎంతో ఉంటుంది. ఏ బాండు కొన్నారో, ఏ ధరకు కొన్నారో, ఎందుకు కొన్నారో ఆ పట్టికలో ఉండదు.

టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు బేలు ఒక్కటి అమ్ముడుపోతే దాని ధర రైతుకు అక్కడికక్కడే తెలుస్తుంది. మంగళవారం వచ్చిందంటే మన రాష్ట్రం ఎంత అప్పు తెచ్చిందో, ఎన్నేళ్లకు తెచ్చిందో, ఎంత వడ్డీకి తెచ్చిందో సాయంత్రానికల్లా రిజర్వు బ్యాంకే బయటపెడుతుంది. మర్నాడు పత్రికలన్నీ, మాతో సహా, ఆ లెక్క అచ్చువేస్తాయి. రాష్ట్రం అప్పుకు ఆ రోజే లెక్క చెప్పగలిగినప్పుడు, కేంద్రం అప్పును తాను కొన్న లెక్క ఎందుకు చెప్పకూడదు?

ముందే చెబితే వ్యాపారులు ధరలు పెంచేస్తారని, బ్యాంకుల్లో నగదు సర్దుబాటుకే ఈ కొనుగోళ్లని రిజర్వు బ్యాంకు వర్గాల వాదన. 2021లో రెండు త్రైమాసికాలకు కలిపి 2.2 లక్షల కోట్ల కొనుగోళ్లను ముందే చెప్పి చేసింది కదా! అప్పుడు చెల్లిన పద్ధతి ఇప్పుడెందుకు చెల్లదు? పోనీ ముందు చెప్పడం కుదరదనుకుందాం. కొన్న సాయంత్రమే చెప్పడానికి అడ్డేమిటి?

వడ్డీరేటు విషయంలో చట్టమే దీనికి జవాబు చెప్పింది. 2016లో చట్టం సవరించి, వడ్డీరేటును ఓటేసి తేల్చే ద్రవ్య విధాన కమిటీని పెట్టారు. సమావేశం జరిగిన 14వ రోజున ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో, ఎందుకు వేశాడో ప్రచురించి తీరాలి. పావు శాతం మార్పుకే ఇంత కట్టుదిట్టం. లక్షల కోట్ల బాండ్ల కొనుగోలు మాత్రం ఆ కమిటీ ఓటుకు రాదు. రిజర్వు బ్యాంకు లోపలే తేలిపోతుంది. దానికి ప్రచురించే మినిట్స్ (చర్చల రికార్డు) ఉండవు.

పాత సంగతి ఒకటి గుర్తుచేయాలి. 1955లో కేంద్రానికీ రిజర్వు బ్యాంకుకీ మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. ఖజానా నిల్వ 50 కోట్ల కంటే తగ్గితే, తాత్కాలిక ట్రెజరీ బిల్లులు, అంటే కేంద్రం రిజర్వు బ్యాంకుకు రాసిచ్చే స్వల్పకాల అప్పుపత్రాలు, పుట్టించి ఆ లోటు పూడ్చాలి. తాత్కాలికమన్న ఆ ఏర్పాటు నాలుగు దశాబ్దాలు సాగింది. సి. రంగరాజన్ గవర్నర్‌గా ఉండగా 1994లో ఒప్పందం చేసుకుని, 1997లో గానీ వదిలించుకోలేకపోయారు. ఆ తర్వాత 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం దగ్గర రిజర్వు బ్యాంకు నేరుగా బాండ్లు కొనడం ఆగింది. చట్టం మూసింది వీధి వాకిలి ఒక్కటే. ప్రభుత్వం దగ్గర బ్యాంకులు కొన్న బాండును తర్వాత ఆ బ్యాంకుల దగ్గర రిజర్వు బ్యాంకు కొనవచ్చు. అది చట్టవిరుద్ధం కాదు, అలాగని మేం అనడం లేదు. దొడ్డిదారిన వెళ్లేటప్పుడైనా దీపం పెట్టుకుని వెళ్లమంటున్నాం.

ఇది బొంబాయి వ్యాపారుల గొడవ, మనకెందుకు అనుకునేవారు తమ బ్యాంకు పాసుపుస్తకం చూసుకోవాలి. రిజర్వు బ్యాంకు పెద్దఎత్తున కొంటే బాండ్ల మీద రాబడి తగ్గుతుంది, ప్రభుత్వానికి అప్పు చౌక అవుతుంది. ఆ ఒత్తిడి డిపాజిట్ వడ్డీల మీదా పడుతుంది. నెల్లూరులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీతో మందులు కొనుక్కునే రిటైర్డ్ టీచరుకు తన రాబడి ఎందుకు తగ్గిందో తెలుసుకునే హక్కు లేదా? ఇంకో మాట. ఆ బాండ్ల మీద కేంద్రం కట్టే వడ్డీ కూడా రిజర్వు బ్యాంకు ఆదాయంలో కలుస్తుంది, మిగులు మళ్లీ కేంద్రానికే పోతుంది. 2024-25 ఏడాదికి ఆ మిగులు 2,68,590 కోట్లు. అది పన్ను కాదు గనుక అందులో రాష్ట్రాలకు పైసా వాటా లేదు.

ఏ బాండు, ఎంత మొత్తం, ఏ ధర. ఈ మూడూ కొన్న రోజే రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. వడ్డీరేటు నిర్ణయానికి ఇచ్చినట్టే దీనికీ రాతపూర్వకంగా కారణం చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు ఎంపీలు వచ్చే సమావేశాల్లోనే ఈ ప్రశ్న ఆర్థిక మంత్రిని అడగాలి. తులం బంగారం మీద అప్పిచ్చే కొట్టువాడి చేత అన్నీ చెప్పించే రిజర్వు బ్యాంకుకు, దేశం అప్పు తాను కొంటూ నోరు మూసుకునే అధికారం ఎవరిచ్చారు?