పేరు వాళ్లది, హక్కు కంపెనీది

ఆఫ్రికాలో మహిళా నాయకత్వం అనగానే అందరి చూపూ రువాండా పార్లమెంటు మీదికే పోతుంది. దిగువసభలో 60 శాతానికి పైగా ఆడవాళ్లే ఉండటం గొప్ప సంగతే, కాదనం. కానీ పెత్తనం ఎవరిదో తేలేది గల్లాపెట్టె దగ్గర. ఆ లెక్క తెలియాలంటే టోగో రాజధాని లోమే బజారును చూడాలి.

జావా దీవిలో మైనంతో చేసే అద్దకం బాతిక్‌ను అనుకరిస్తూ డచ్చి మిల్లులు యంత్రాల మీద అచ్చేసిన వ్యాక్స్ గుడ్డకు పశ్చిమాఫ్రికాలో గిరాకీ ఎక్కువ. పొరుగున ఘనాలో తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమా హయాంలో దిగుమతులకు కట్టడి పెరగడంతో ఆ బేరం సరిహద్దు దాటి లోమే చేరింది. అక్కడి వర్తకురాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఫలానా డిజైను ఫలానా ఆమే అమ్మాలన్న ఒప్పందాలు కంపెనీలతో కుదుర్చుకున్నారు. బడి చదువు అంతంతమాత్రమే అయినా లెక్కల్లో దిట్టలు. బెంజి కార్లలో తిరిగే వీళ్లను జనం ‘నానా బెంజ్’ అన్నారు; నానా అంటే అక్కడ అమ్మ, పెద్దావిడ. విదేశీ అతిథులు వస్తే సర్కారే వీళ్ల కార్లు అడిగి తీసుకునేదని చెబుతారు.

హాలండ్ నుంచి డిజైన్లు నంబర్లతో దిగేవి. నంబరు చూసి గుడ్డ కొనేదెవరు? పంజరం, బయటికెగిరిన పిట్టలు ఉన్న రకానికి ‘నువ్వు గడప దాటితే నేనూ దాటుతా’ అని పేరు పడింది. తిరుగుబోతు మొగుడికి పెళ్లాం నోరు విప్పకుండానే హెచ్చరిక! ఇంకోదాని పేరు ‘నా సవతి కన్ను’. నంబరును సరుకుగా మార్చింది ఈ బజారు తెలివే. అయినా డిజైను మీద హక్కు మాత్రం కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

ఆ లోటు ఎంతటిదో తర్వాత తెలిసొచ్చింది. 1994 జనవరిలో టోగోతో పాటు పలు ఆఫ్రికా దేశాల్లో చెలామణి అయ్యే కరెన్సీ సీఎఫ్‌ఏ ఫ్రాంకు విలువను ఒక్క దెబ్బకు సగానికి తెగ్గోశారు. దిగుమతి సరుకు భారం రెట్టింపయింది, కొనేవాళ్ల జీతాలు ఉన్నచోటే ఉన్నాయి. ఆ వెనకే అవే డిజైన్ల చైనా నకళ్లు చౌకగా వచ్చిపడ్డాయి. డచ్చి కంపెనీ పంపిణీ తీరు మార్చుకునేసరికి పాత ఒప్పందాలకు విలువ లేకుండా పోయింది. కొత్త తరం వర్తకురాళ్లు చైనా వెళ్లి తామే సరుకు తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టేవారితో మేం ఏకీభవించం. వ్యాపారి బతుకుదారి వెతుక్కోక ఏం చేస్తుంది?

2020లో టోగోకు తొలి మహిళా ప్రధానిగా విక్టోయిర్ టోమెగా డొగ్బే వచ్చారు. సంతోషమే. బజారు మహిళలకు అంతకంటే అక్కరకొచ్చే కాగితం మరొకటుంది: ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికన్ యూనియన్ ఆమోదించిన మహిళలు, యువత వాణిజ్య ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం). సభ్యదేశాలు దాన్ని తమ చట్టసభల్లో ఆమోదించడంతో సరిపెట్టకూడదు. సరిహద్దు చౌకీలో మూటకింతని గుంజే చేతిని ఆపాలి, వర్తకురాలి ఖాతాపుస్తకం చూసి బ్యాంకు అప్పివ్వాలి, డిజైన్ల హక్కుల్లో ఆమెకు వాటా రాయాలి. ఈ మూడింటిలో చివరిదాని ఊసు ఎవరూ ఎత్తడం లేదు.