రాళ్లు కుట్టిన ప్రతి చీరా ఎలిగెంటేనా?

మొన్న ఆదివారం చెల్లెలి కూతురి పెళ్లి చీరల కోసం తిరుపతి గాంధీ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్లాం. అంచు నిండా రాళ్లు, కొంగు నిండా పూసలు కుట్టిన చీరను మా ముందు పరిచి, "చాలా ఎలిగెంట్‌గా ఉంటుందమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి. ఆ తర్వాత తీసిన నాలుగు చీరలకూ అదే మాట. మెరిసే ప్రతిదానికీ ఈ మాట తగిలిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ఆంగ్ల పదం లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని మూలంలో ఉన్నది ఏరుకోవడం అనే అర్థం. మొదట్లో లాటిన్‌లో మరీ ఏరికోరి ముస్తాబయ్యేవాళ్లను దెప్పడానికి వాడేవారు. మెప్పుగా మారింది తర్వాతే. ఖరీదుతో గానీ తళుకుతో గానీ దానికి చుట్టరికం లేదు.

నేను లెక్కల టీచర్‌ను. 1 నుంచి 100 వరకు కూడమంటే ఒక్కో అంకె కలుపుకుంటూ పోవచ్చు. లేదా మొదటిదాన్ని చివరిదానితో జత కట్టవచ్చు. 1, 100 కలిస్తే 101. 2, 99 కలిసినా 101. అలాంటి జతలు 50, జవాబు 5050. లెక్కల్లో ఎలిగెంట్ అనేది ఇలాంటి సాధననే.

అలాగని తక్కువ పని ఉంటేనే ఎలిగెంట్ అని కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చూడండి, గుడ్డంతా బొమ్మలే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డను ముంచి ఆరబెడతారు, రంగు పాకకుండా. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమిలో వెదురు కలాన్ని ముంచి గీస్తారు. కలానికి చుట్టిన దూదిని వేళ్లతో నొక్కుతూ ఉంటే రంగు కొద్దికొద్దిగా దిగుతుంది. పడిన నల్లగీతను చెరపడం కుదరదు. అందుకే కన్ను ఎక్కడ, వేలు ఎక్కడ అని ముందే ఏరుకున్న చేయి అది. బొమ్మ ఎంత నిండుగా ఉన్నా వృథా గీత కనిపించదు.

తెలుగులో దీనికి సరిసాటి ఒక్క మాట నాకు తోచలేదు. సొగసులో ఆకర్షణ పాలు ఎక్కువ, నాజూకులో సున్నితత్వం ఎక్కువ. హుందాతనం, పొందిక కలిపితే దగ్గరికి వస్తుంది. మా అమ్మ వెంకటగిరి చీర గుర్తొస్తుంది నాకు. గంజిరంగు నేత, సన్నని జరీ అంచు, అక్కడక్కడ చిన్న బుటాలు, అంతే.

రాళ్ల చీరలు కట్టుకునేవాళ్లను నేను తప్పుపట్టను. పెళ్లిలో మెరవాలనుకోవడం ముచ్చటైన కోరికే. దుకాణాలవాళ్లు దాన్ని తళుకుల చీర అనే చెప్పి అమ్మండి, కావలసినవాళ్లు సంతోషంగా కొంటారు. ఎలిగెంట్ అనే మాటను మాత్రం ఆ వెంకటగిరి చీర విప్పినప్పుడు వాడండి.